ఆ నవల తండ్రికి ఇచ్చాను

ఒక సాయంత్రం గుడివాడలోని నా క్లినిక్‌కు నాగాయలంక వైపు నుంచి ఒక రైతు తన కొడుకును వెంటబెట్టుకుని వచ్చారు. కుర్రవాడికి పద్దెనిమిది నిండబోతున్నాయి. గుండెదడ, ఊపిరాడకపోవడం, వేళ్లు తిమ్మిరెక్కడం. అప్పటికే బందరులో రెండుసార్లు ఈసీజీ తీయించారు. నేనూ తీశాను. తేడా ఏమీ లేదు. థైరాయిడ్ కూడా బాగానే ఉంది.

"జబ్బేం లేకపోతే సీటొచ్చేదాకా ఏదైనా టానిక్కు రాయండి డాక్టరుగారూ" అన్నారాయన.

ఆయన్ను కాసేపు బయట కూర్చోమన్నాను. ఇది నేను తప్పు చేసి నేర్చుకున్న పద్ధతి. ఇరవై ఏళ్ల కిందట ఇలాగే వచ్చిన ఇంటర్ అమ్మాయిని తల్లి ఎదురుగానే నాలుగు ప్రశ్నలు అడిగి, బి కాంప్లెక్స్ రాసి పంపేశాను. పదిరోజులకు పురుగుమందు తాగిందని స్ట్రెచర్ మీద తెచ్చారు. అదృష్టం కొద్దీ బతికింది. తేరుకున్నాక, "ఆవేళ మీరు అడిగుంటే చెప్పేదాన్నండీ" అంది. చావు గురించి అడిగితే లేని ఆలోచన పుడుతుందని చాలామంది జంకుతారు. అలా పుట్టదు. సూటిగా అడిగితే పిల్లల గుండె బరువు కాస్త దిగుతుంది.

అందుకే ఈ కుర్రవాణ్ణి అడిగాను. గోళ్లు చర్మం దాకా కొరికేసుకున్న వేళ్లతో ఈసీజీ కాగితాన్ని మడతమీద మడత పెడుతున్నాడు.

"చావాలని లేదండీ. పద్దెనిమిది రాకుండా ఉంటే బాగుండు."

1977 నవంబరు 19 ఉప్పెనలో వాళ్ల తాత ఇల్లూ గొడ్డూ పోగొట్టుకుని, మళ్లీ నాలుగెకరాలు సంపాదించారట. ఊహ తెలిసినప్పటి నుంచీ ఇంట్లో అదే కథ. "తాత అంత చేశాడు. నేను లెక్కల పేపరు చూస్తేనే వణికిపోతున్నాను" అన్నాడు. వాడిది నటన కాదు. భయంతో గబగబా ఊపిరి తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి వేళ్లు నిజంగానే తిమ్మిరెక్కుతాయి.

నాకు 'అసమర్థుని జీవయాత్ర' నవలలోని సీతారామారావు గుర్తొచ్చాడు. వాడు ఈ పిల్లవాడి కన్నా పెద్దవాడే, పెళ్లయినవాడే. కానీ వంశప్రతిష్ఠ నిలబెట్టమన్న తండ్రి మాట మోయలేక లోపల్లోపలే కుంగి ప్రాణం పోగొట్టుకుంటాడు. అది రాసిన త్రిపురనేని గోపీచంద్ గుడివాడ దగ్గర అంగలూరులో 1910లో పుట్టినవారు. ఎందుకని ప్రశ్నించడం నేర్పిన తండ్రి రామస్వామి చౌదరిగారికే ఆ నవలను అంకితమిచ్చారు. కథలో తండ్రి కొడుక్కి ఇచ్చింది మొయ్యలేని బరువు. రచయితకు తన తండ్రి ఇచ్చింది ప్రశ్నించే ధైర్యం.

ఆ ముగింపును అలాంటి స్థితిలో ఉన్న పిల్లవాడి చేతిలో పెట్టకూడదు. వాణ్ణి విజయవాడలో మానసిక వైద్యురాలి దగ్గరకు పంపాను. టెలి మానస్ నంబరు 14416 చీటీ మీద రాసిచ్చాను. ఇంట్లో పురుగుమందులు తాళం వేసి ఉంచమన్నాను. నవల మాత్రం తండ్రికి ఇచ్చాను.

నెల తర్వాత ఆయన ఒక్కరే వచ్చి పుస్తకం బల్ల మీద పెట్టారు.

"సగం దాకా చదివానండీ. ఆ తర్వాత చదవలేకపోయాను. ఉప్పెన రాత్రి తాడిచెట్టును వాటేసుకుని తెల్లారేదాకా ఏడ్చానని మా నాన్న నాకు చెప్పేవాడు. నేను మావాడికి ఆ ముక్క ఎప్పుడూ చెప్పలేదు. మొన్న రాత్రి చెప్పాను."

"ఏమన్నాడు?"

"ఏమీ అనలేదండీ. నా పక్కనే పడుకున్నాడు."