పచ్చ పుట్టిన చోటు

మే నెలలో పుట్టినవారి రత్నం పచ్చ అని నగల దుకాణాల పట్టికలు చెబుతాయి. ఆ పట్టిక వయసు నూరేళ్లు దాటి మరికొంచెం. అమెరికా నగల వ్యాపారుల జాతీయ సంఘం 1912లో కాన్సాస్ సిటీలో సమావేశమై, ఏ నెలకు ఏ రాయో ఖరారు చేసింది. తెలుగు ఇళ్లలో మాత్రం పచ్చకు నెలతో పనిలేదు. అది బుధుడి రత్నం. ఆశ్లేష, జ్యేష్ఠ, రేవతి నక్షత్రాల్లో పుట్టినవారి జీవితం బుధ మహాదశతోనే మొదలవుతుంది. మిథునం, కన్య బుధుడి రాశులు. చదువు, మాటనేర్పు, వ్యాపారం ఆయన చేతిలోవంటారు. బంగారంలో పొదిగించి, బుధవారం చిటికెనవేలికి పెట్టుకోమని జ్యోతిష్కులు చెబుతారు. కాబట్టి అమెరికా పట్టిక పచ్చ పెట్టుకోమన్న పిల్లకే మన సిద్ధాంతిగారు కెంపో, పగడమో రాసివ్వవచ్చు.

ఈ లెక్కలన్నీ మనిషి పుట్టుక చుట్టూ తిరుగుతాయి. రాయి పుట్టుక కథ అంతకన్నా గొప్పది.

పచ్చ బెరిల్ అనే ఖనిజం. కల్తీ లేని బెరిల్‌కు అసలు రంగే ఉండదు. దానిలోకి కాస్త క్రోమియం గానీ, వెనేడియం గానీ చేరితేనే ఆ పచ్చదనం. చిక్కంతా అక్కడే ఉంది. బెరిల్‌కు ప్రాణమైన బెరీలియం ఎక్కువగా గ్రానైటు జాతి రాళ్లలో దొరుకుతుంది. క్రోమియం భూమి లోతుల నుంచి పైకొచ్చిన నల్లటి బరువు రాళ్లలో ఉంటుంది. ఈ రెండూ ఒకచోట కలవడం చాలా అరుదు. కొలంబియాలో ఆ కలయిక మరో దారిలో జరిగింది. వేడెక్కిన ఉప్పునీరు నల్లటి షేల్ పొరల గుండా పారుతూ, ఆ రాతిలోని మూలకాలనే కరిగించుకుని, పగుళ్లలో స్ఫటికాలుగా పేర్చింది. అక్కడి చివోర్ గనుల పచ్చలకు సుమారు ఆరున్నర కోట్ల ఏళ్ల వయసుంటుంది. ముజో గనులవి అంతకన్నా చిన్నవి.

ఆ నీరు ఇంకా అక్కడే ఉంది. మంచి కొలంబియా పచ్చను సూక్ష్మదర్శిని కింద పెడితే, స్ఫటికం పెరిగేటప్పుడు లోపల చిక్కుకుపోయిన ద్రవం చుక్కలు కనిపిస్తాయి. ఒక్కో చుక్కలో ఒక గాలి బుడగ, పక్కనే ఘనంలాంటి ఉప్పు స్ఫటికం. డైనోసార్ల యుగం ముగిసిన కాలం నాటి ఉప్పునీరు ఒకరి ఉంగరంలో మూతపడి ఉందన్నమాట! వజ్రంలో మచ్చ ఉంటే ధర తగ్గుతుంది. పచ్చలో మచ్చలు, పొరలు లేకపోతే ముందు అనుమానం వస్తుంది, తర్వాతే సంతోషం. 1930లలోనే కారల్ చాథమ్ అనే అమెరికన్ ప్రయోగశాలలో పచ్చలు పెంచి అమ్మకానికి తెచ్చాడు. అందుకే రాయి గురించి తెలిసినవాళ్లు ముందుగా భూతద్దంతో ఆ పొరలనే వెతుకుతారు. అవి పచ్చకు పుట్టుమచ్చలు.

ఎక్కడ పుట్టిందన్న ప్రశ్న మనవాళ్లకూ పాతదే. బలాసురుడి పిత్తాన్ని వాసుకి మోసుకుపోతుంటే గరుత్మంతుడు అడ్డుపడ్డాడని, అది జారిపడ్డ చోటు మరకతాల గని అయిందని గరుడపురాణం కథ. గరుడపచ్చ అన్న మాట ఇప్పటికీ తెలుగునాట వినిపిస్తుంది. పాత ప్రపంచానికి తెలిసిన పెద్ద గనులు ఈజిప్టు తూర్పు ఎడారిలో ఉండేవి. రోమన్ రచయిత ప్లినీ కాలానికి, రాళ్లు చెక్కి అలసిన కళ్లను పనివాళ్లు పచ్చను చూస్తూ సేదదీర్చుకునేవారట. ఆ పచ్చలు చిన్నవి, మసకవి. అసలు వెలుగు పదహారో శతాబ్దంలో స్పెయిన్ సైన్యం కొలంబియా గనులను ఆక్రమించాక బయటికొచ్చింది. ఆ వెలుగు వెనక ముజో ప్రజల రక్తం ఉంది. తమ నేల కోసం ఏళ్ల తరబడి పోరాడి, చివరికి సొంత గనుల్లోనే వెట్టిచాకిరీకి దిగిన జాతి అది. పచ్చ అందం గురించి రాసే ఎవరైనా ఈ సంగతి దాటవేయకూడదు.

ఆ రాళ్లకు దొరికిన అతి పెద్ద కొనుగోలుదారులు మన దేశంలోనే ఉన్నారు. మొగలులకు పచ్చంటే ప్రాణం. హిజ్రీ 1107లో, అంటే 1695 ప్రాంతంలో చెక్కిన 217.80 క్యారట్ల మొగల్ పచ్చ కొలంబియాలో పుట్టినదే. దానికి ఒకవైపు పువ్వులు, మరోవైపు షియా ప్రార్థన. ఔరంగజేబు సున్నీ కాబట్టి, దాన్ని ఆయన కొలువులోని మరొకరి కోసం చెక్కి ఉంటారని పండితుల అంచనా. 2001లో వేలంలో అది 22 లక్షల డాలర్లు పలికింది.

మన జవహరీల దగ్గర మాత్రం ఒక నమ్మకం స్థిరపడింది. గొప్ప పాత పచ్చలు తూర్పు దేశాల్లో ఎక్కడో మూతబడిన గనులవని, అమెరికా ఖండం రాళ్లు వాటికి సాటిరావని. గోల్కొండ వజ్రాల గనులు చూసిన ఫ్రెంచి వ్యాపారి తావెర్నియే పదిహేడో శతాబ్దంలోనే దీన్ని కాదన్నాడు. తూర్పున పచ్చల గనులున్నాయనడం పాత పొరపాటని రాశాడు. అయినా ఆ నమ్మకం పోలేదు.

దాన్ని తేల్చింది హైదరాబాద్ రాళ్లే. శాస్త్రవేత్త గాస్టన్ జూలియానీ, ఆయన సహచరులు 2000లో సైన్స్ పత్రికలో ఒక పరిశోధన ప్రచురించారు. పచ్చలోని ఆక్సిజన్ ఐసోటోపుల నిష్పత్తి చాలావరకు గనిని బట్టి మారుతుంది. కంటికి కనిపించనంత చిన్న గుంటతో దాన్ని కొలవొచ్చు, నగ చెడదు. ఫ్రాన్స్‌లో దొరికిన రోమన్ కాలపు చెవిపోగులోని పచ్చ పాకిస్తాన్‌లోని స్వాత్ లోయదని అలా తేలింది. నిజాం ఖజానా నుంచి వచ్చిన, జవహరీలు పాత గనులవని నమ్మిన నాలుగు పచ్చలనూ పరీక్షించారు. మూడు కొలంబియావి. నాలుగోది అఫ్ఘానిస్తాన్‌లోని పంజ్‌షీర్‌ది. తావెర్నియే మాట ముప్పాతిక వంతు నిజమైంది, జవహరీల మాటకూ ఓ పాతిక వంతు దక్కింది. మూడు శతాబ్దాల వాదనకు ఇంత అందమైన తీర్పు దొరకడం అరుదు.

నిజాం నగల్లో 173 వస్తువులను కేంద్ర ప్రభుత్వం 1995లో 218 కోట్ల రూపాయలకు కొన్నది. 2001లోను, 2006లోను సాలార్‌జంగ్ మ్యూజియంలో ప్రదర్శనకు పెట్టారు. జనం అప్పుడు వాటిలోని జాకబ్ వజ్రం గురించే ఎక్కువగా మాట్లాడుకున్నారు. అక్కడి పచ్చల ముందు ఇంకాస్త నిలబడి ఉండాల్సింది.

ఇప్పుడు బజారులో దొరికే పచ్చల్లో చాలా భాగం జాంబియావి. అక్కడి కాగెమ్ గనిలో 2018లో 5,655 క్యారట్ల స్ఫటికం బయటపడింది. రాయి గనిలో దొరికాక కోత, మెరుగు పనికి జైపూర్‌ది పెద్ద పేరు. ఆపైన నూనె పడుతుంది. పగుళ్లు కనిపించకుండా దేవదారు జాతి నూనెనో, రెసిన్‌నో లోపలికి పట్టించడం ఈ వ్యాపారంలో పాత వాడుకే, దాచిపెట్టకుండా చెబితే తప్పేమీ లేదు. ఎంత పట్టించారో ప్రయోగశాల ధ్రువపత్రంలో ఉంటుంది, అది అడిగి చదివాకే డబ్బు ఇవ్వాలి. పచ్చకు గీతలు తొందరగా పడవు గానీ, దెబ్బ తగిలితే చిట్లుతుంది. మూలలు కోసిన దీర్ఘచతురస్రం కోత దానికోసమే వచ్చింది. వేడినీళ్లు, అల్ట్రాసోనిక్ యంత్రాలు దీనికి పనికిరావు. గోరువెచ్చని సబ్బునీళ్లు, మెత్తటి గుడ్డ చాలు. కొన్నేళ్లకు నూనె ఆరి పొరలు తేలితే కంగారుపడనక్కరలేదు, తెలిసిన పనివాడి చేత మళ్లీ పట్టించుకోవచ్చు.