మా గూడుబండి

మా తాతగారి కాలమున రామతీర్థమునకు పోవుటయనగా దేవుని దర్శించి తిరిగి వచ్చుట మాత్రమే కాదు. మూడు రాత్రులు ఇల్లు విడిచి, చెట్టునీడను పొయ్యి పెట్టుకొని, బండిలో పండుకొని, చుక్కలు చూచుచు కాలము గడపుట. ఇప్పుడు విజయనగరమునుండి రామతీర్థమునకు అరగంటలో చేరవచ్చును. ఉదయమున బయలుదేరినవారు మధ్యాహ్న భోజనమునకు ఇంటికి వత్తురు. దర్శనము వారికిని లభించును గాని, ఆ మూడు రాత్రులు లభింపవు.

ఆ రాత్రులకు ఆధారమైనది గూడుబండి. మీలో పలువురు దానిని బొమ్మలలో మాత్రమే చూచియుందురు. బస్తాలు మోయు మోటుబండికిని దీనికిని భేదము గలదు. వెదురుబద్దలను విల్లువలె వంచి, వానిపై చాపను కప్పి, ఎండవానలు సోకకుండ గూడు నమర్తురు. లోపల ఎండుగడ్డి దట్టముగా పరచి, దానిపై గోనెపట్టాయు బొంతయు వేసినచో, నడచునప్పుడు అది వాహనము, నిలిచినప్పుడు ఇల్లు. ఇరుసు క్రింద లాంతరు వ్రేలాడును. వెనుకవైపున వంటపాత్రల మూటయు, ఎడ్లకు గడ్డిమోపును ఉండును.

ఇంటిని వెంటగొని పోవలెనను కోరిక మా ఊరివారికే పుట్టినది కాదు. 1830 మే 18వ తేదీన చెన్నపట్టణమునుండి కాశికి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య డేరాలతోను, పరివారముతోను పదునైదు నెలలకు పైగా ప్రయాణము చేసి 1831 సెప్టెంబరులో ఇల్లు చేరెను. ఇంగ్లాండులో 1885లో గోర్డన్ స్టేబుల్స్ అను నౌకాదళ వైద్యుడు గుఱ్ఱములు లాగు ఇంటిబండి నొకదానిని చేయించి, దానికి ‘వాండరర్’ అని పేరిడి, అందు స్కాట్లండు వఱకు పోయెను. అమెరికాలో వాలీ బయామ్ అను నతడు 1930 తరువాత మోటారుకారు వెనుక తగిలించుకొను అల్యూమినియపు ఇంటిబండ్లను తయారుచేసెను. ఆ దేశమున నేటికిని పాతబడిన అట్టి బండ్లను వెదకి తెచ్చి, మరమ్మతు చేసికొని, పిల్లలతో అడవులకు పోవువారు కలరు. వారి బండికి పెట్రోలు కావలెను; మా బండికి ఉలవలు చాలును.

మా గూడుబండిని తాతగారు 1961లో చేయించిరి. ఆయన 2003లో గతించిన పిమ్మట అది పశువులశాల మూలను నిలిచిపోయెను. ఎడ్లు పోయినవి, శాల పోయినది, తాటాకు పందిరి క్రింద బండి మాత్రము మిగిలినది. 2024 వర్షకాలమున ఒక హోటలువారి మనిషి వచ్చి, తోటలో అలంకారమునకు చక్రములు రెండును కొనెదమనియు, తక్కినది వంటచెఱకునకు వాడుకొనవచ్చుననియు చెప్పెను. అతడు చెప్పిన వెల తక్కువది కాదు. ఇంటిలోనివారు ఒకరి ముఖము నొకరు చూచుకొనుచుండగా మామ్మ అరుగుమీదనుండి పలికినది.

“చక్రాలు పట్టుకుపోతే బండేటి మిగుల్తాది నాయనా? నేను పోయేలోగా దీనిమీద ఒక్కపాలి రామతీర్థం ఎల్లాల. నువ్వెల్లి రా.”

మామ్మకు అప్పటికి ఎనుబదిమూడేండ్లు. మోకాళ్ళు వంగవు. బస్సు మెట్టు ఎక్కలేదు. కారులో కాళ్ళు ముడుచుకొని కూర్చుండలేదు. కాళ్ళు చాపుకొని పోదగిన వాహనము ఆమెకు గూడుబండి ఒక్కటే. కావున ఆ మాట ముచ్చట కొఱకు అన్నదని త్రోసివేయుటకు వీలు లేకపోయెను. మహాశివరాత్రికి ఏడు నెలలు గడువుండెను.

మా ఊరిలో బండ్లు చేయ నేర్చిన వడ్రంగి ఒక్కడే మిగిలియుండెను. అతనికి డెబ్బదితొమ్మిదేండ్లు. కన్నులకు మసక. మనుమడు విశాఖపట్టణమున బీరువాలు, మంచములు చేయు దుకాణములో పనిచేయుచుండెను. వడ్రంగి తాత వచ్చి, బండిని చూడలేదు, విన్నాడు. చిన్న కొయ్యసుత్తి తీసికొని చక్రపుటాకుల నొక్కటొక్కటిగా తట్టెను. గట్టి ఆకు గంటవలె పలికెను. పుచ్చిన ఆకు తడిగోనెను తట్టినట్లు మూగవోయెను. కుడిచక్రపు ఆకులు పండ్రెండును పలికినవి. ఎడమచక్రమున అయిదు పలుకలేదు. నొగలలో ఒకదానిని చెదలు తిన్నది. గూటి సంగతి చెప్పనక్కఱలేదు; ముట్టుకొన్నంతనే పొడియై రాలినది.

“కర్ర సావలేదు బాబూ. నాకు కళ్ళు లేవు, చెయ్యి ఉంది. మనవణ్ణి పిలిపించండి, వాడి కళ్ళు అరువిచ్చుకుంటాను” అని అతడు నవ్వెను.

ఇక్కడ మా చిన్నాన్నకును తక్కినవారికిని వాదము పుట్టినది. కర్రచక్రములు తీసివేసి, రబ్బరు టైర్లు వేయించిన మేలని చిన్నాన్న మతము. దానిని తేలికగా త్రోసివేయరాదు. టైరుబండి ఎడ్లకు సుఖము. అదే బరువు తక్కువ శ్రమతో సాగును. బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మేనేజ్‌మెంటునకు తొలి డైరెక్టరైన ఎన్. ఎస్. రామస్వామి ఎడ్లబండ్లను గూర్చి ఏండ్ల తరబడి పరిశోధించి, మోటు కాడివలన ఎడ్ల మెడలు పుండ్లగుచున్నవని దేశమునకు ఎలుగెత్తి చెప్పెను. బస్తాలు మోయు బండి యైనచో చిన్నాన్న మాటయే న్యాయమని నేనును ఒప్పుకొందును. కాని ఈ బండి ఏడాదికి ఒకమాఱు, నలుగురు మనుష్యులను మోయునది. పైగా చక్రములు మారినచో వడ్రంగి తాతకు తెలిసిన విద్యలో పెద్దపాలు మనుమని చేతికి రాకయే పోవును. చివరకు చక్రములు కర్రవే ఉండవలెననియు, కాడి మాత్రము మార్చవలెననియు నిశ్చయమైనది. క్రొత్తకాడిని మెడమీద ఆనుచోట వెడల్పు చేసి, నున్నగా చిత్రికపట్టి, మెత్తని గుడ్డ చుట్టించితిమి. ఆ గుడ్డను కుట్టినవాడు చిన్నాన్నయే.

చక్రములకు నల్లతుమ్మ కర్ర శ్రేష్ఠము. గట్టిది, దెబ్బ తట్టుకొనును. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను కూల్చిన నల్లతుమ్మ మ్రాను ఒకటి మా చెరువులో నానవేసియుండెను. దానిని తీసి, నీడను ఆరబెట్టి, కోయించిరి. మనుమడు సెలవుదినములందు వచ్చి కొలతలు తీసెడివాడు. తాత వ్రేళ్ళతో తడవి తప్పొప్పులు చెప్పెడివాడు. ఆకు మొన నడిమి దిమ్మలోనికి బిగువుగా దిగవలెను. అటులని దిమ్మ పగులరాదు. మనుమడు చేసిన మొదటి ఆకును తాత రెండుమార్లు త్రిప్పి చూచి, మాటాడక ప్రక్కన పెట్టెను. రెండవదియు అంతే. మూడవదానిని దిమ్మలో పెట్టి తట్టగా అది పలికెను. ఆనాడు ఆ పిల్లవాని ముఖము చూడవలసినది.

వెనుకపలక వద్ద మఱియొక చిక్కు వచ్చినది. తాతగారు తీర్థమునకు పోయివచ్చిన ప్రతియేడును ఆ పలకమీద ఉలితో ఒక గాటు పెట్టెడివారు. గాట్లు ముప్పదియొకటి. పలక సగము చెదలపాలైనది. వడ్రంగి తాత తీసివేయవలెననెను, మామ్మ వీలులేదనెను. అతడు ఒక పూట ఆలోచించి, క్రొత్తపలకను అడుగున వేసి, పాతదానిలో మిగిలిన భాగమును వేపనూనె పూసి దానిపై బిగించెను. గాట్లలో తొమ్మిది పోయినవి. వానికి బదులు క్రొత్తవి పెట్టెదనని నేననగా మామ్మ అంగీకరింపలేదు. “ఆయన పెట్టినవి ఆయనవి” అనెను.

చక్రమునకు ఇనుపకమ్మి తొడుగు దినమును మా వీథిలోని పిల్లలు ఇప్పటికిని చెప్పుకొందురు. చక్రము ఎత్తు నాలుగున్నర అడుగులు. చుట్టుకొలత 14 అడుగులు. కమ్మి లోపలి చుట్టుకొలత దానికంటె కొంచెము తక్కువ ఉండవలెను. ఎంత తక్కువ యనునదే విద్య. ఎక్కువ తక్కువైనచో కమ్మి బిగిసి ఆకులను విఱుచును. సరిగా సమానమైనచో నాలుగు మైళ్ళలో జాఱిపోవును. వడ్రంగి తాత నారత్రాడుతో చక్రమును, కమ్మిని కొలిచి, వ్రేలి వెడల్పుకంటె కొంచెము తక్కువ భేదముండునట్లు కమ్మరిచేత కోయించి అతికించెను.

పిడకలను వలయముగా పేర్చి, నడుమ కమ్మి నుంచి నిప్పు పెట్టిరి. వేడికి ఇనుము పెరుగునని మీరు పాఠములలో చదివియే యుందురు. ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగినప్పుడు ఇనుము తన పొడవులో పదిలక్షలవంతులు పండ్రెండు మాత్రమే పెరుగును. వినుటకిది ఎంత స్వల్పము! కాని కమ్మి మసకయెఱుపు రంగు తిరుగునప్పటికి వేడి 500 డిగ్రీలకు పైబడును. 14 అడుగుల కమ్మి అప్పుడు సుమారు అంగుళము పెరుగును. ఆ అంగుళమే బండివాని బ్రతుకు. నలుగురు పొడవైన పట్టకార్లతో ఎత్తి, చక్రముపై దింపిరి. కర్ర భగ్గున అంటుకొనెను. “నీళ్ళు!” అని వడ్రంగి తాత కేక వేసెను. కడవలకొలది నీరు పోయగా పొగయు ఆవిరియు వీథినంతను క్రమ్మెను. ఆ పొగలో ఏమియు కనబడలేదు గాని, కమ్మి కుదించుకొనుచు అతుకులను లాగుటచే కలిగిన టకటక ధ్వని మాత్రము వినవచ్చెను. తాత తలవంచి ఆ ధ్వనిని చివరివఱకు విని, సుత్తితో ఆకులను తట్టెను. పండ్రెండును పలికినవి. అతడు సుత్తిని మనుమని చేతిలో పెట్టి, చుట్ట ముట్టించుకొనుటకు దూరముగా పోయి కూర్చుండెను.

గూటికి వెదురు, చాప దొరకుట కష్టము కాలేదు. ఇరుసునకు ఎండుగడ్డి కాల్చిన మసిని ఆముదముతో కలిపి కందెన చేసిరి. ఎడ్లజతను పొరుగు రైతు ఇచ్చెను.

2025 ఫిబ్రవరి 25న తెల్లవారుజామున బయలుదేరితిమి. రామతీర్థము మాకు పదునాలుగు కిలోమీటర్లు. ఎడ్లు గంటకు మూడు నాలుగు కిలోమీటర్లకు మించి నడువవు. తారురోడ్డుమీద ఇనుపకమ్మి చేయు రొద భరింపరానిది. కావున వీలున్నచోట నెల్ల అంచునందలి మట్టిలోనే తోలితిమి. ఆటోలు, మోటారుసైకిళ్ళు మమ్ము దాటిపోవుచు వేగము తగ్గించి చూచుచుండెను. మామ్మ గూటిలో కాళ్ళు చాపుకొని, దారిలోని ప్రతి చెరువుగట్టును పేరు పెట్టి పలుకరించుచుండెను.

రాముని క్షేత్రమున శివరాత్రి జాతర యేమని మీకు సందేహము కలుగవచ్చును. రామస్వామి కోవెల చెంతనే సదాశివుని కోవెలయు ఉన్నది. హరిహరులకు భేదము లేదని పెద్దలు వాదించి తేల్చుటకు ముందే మా ప్రాంతపు రైతులు ఒకే బండిలో వచ్చి ఇద్దఱికిని మ్రొక్కిరి. కొండ కనబడు ఒక మామిడితోటలో బండి నిలిపి, నొగలను మోపుకఱ్ఱమీద ఆనించి, మూడు రాళ్ళతో పొయ్యి పెట్టితిమి. శివరాత్రినాడు ఉపవాసము, పిల్లలకు ఉడికించిన చిలగడదుంపలు. కృష్ణ చతుర్దశి యగుటచే చంద్రుడు లేడు. సాయంకాలము పడమట శుక్రుడు దీపమువలె వెలుగుచుండెను. నడినెత్తిని రోహిణికి దాపున గురుడు, తూర్పున ఎఱ్ఱని కుజుడు. మామ్మ పిల్లలకు గొల్లకావడి చుక్కలను చూపెను. వారు ఆమెకు గ్రహములను చూపిరి. రెండు పక్షములవారును కొంత నేర్చుకొనిరి.

మఱునాడు పిల్లలతో కొండలెక్కితిని. గురుభక్తులకొండమీద బౌద్ధభిక్షువుల స్తూపముల, విహారముల ఇటుక పునాదులు వరుసగా ఉన్నవి. దుర్గకొండ గుహలో జైనవిగ్రహములును, తూర్పు చాళుక్య రాజగు విమలాదిత్యుని కాలపు కన్నడ శాసనమును ఉన్నవి. నన్నయను పోషించిన రాజరాజనరేంద్రునికి ఈ విమలాదిత్యుడు తండ్రి. ఆయన గురువైన త్రికాలయోగి సిద్ధాంతదేవుడను జైనాచార్యుడు ఈ కొండకు వచ్చి నమస్కరించెనని ఆ శాసనము చెప్పుచున్నది. వేయేండ్ల క్రిందటను ఇది తీర్థమేయన్నమాట! బోధికొండ మెట్లు మామ్మ ఎక్కలేదు. ఎక్కింతుమని మేమడుగలేదు కూడ. తానే బండిని కొండవైపు త్రిప్పించి, గూటి ముందరి తెఱపిలోనుండి, 2022లో పునర్నిర్మితమైన కోదండరాముని ఆలయమున్న దిక్కునకు చేతులు జోడించి చాలసేపు కూర్చుండెను.

28వ తేదీ సంధ్యవేళకు ఇల్లు చేరితిమి. వడ్రంగి తాత అప్పటికే అరుగుమీద కాచుకొనియుండెను. మమ్ము పలుకరింపక ముందు ఎడ్ల మెడలు తడిమెను; పుండు లేదు. పిమ్మట మనుమనిచేత చక్రములను తట్టించెను. ఎడమచక్రమున ఏడవ ఆకు కొంచెము తగ్గి పలికినదట. నాకు భేదము తెలియలేదు, ఆ పిల్లవానికి తెలిసినది. ఎండలు ముదిరినప్పుడు కర్ర ఎండి కుదించుకొని కమ్మి వదులగును గనుక, ఉగాది దాటగనే చక్రములను విప్పి చెరువులో నానవేయవలెనని చెప్పి, తాత మనుమని భుజము పట్టుకొని చీకటిలో ఇంటికి పోయెను. మామ్మ ఉలి తెప్పించి, మా చిన్నవాని చేతికిచ్చి, క్రొత్తపలకమీద ఎక్కడ గాటు పెట్టవలెనో వ్రేలితో చూపెను.