సుగ్గి బండిలో రేకుపెట్టె

కాంపర్‌వ్యాన్ అంటే తెలుసుగా? వెనకాల మంచం, గ్యాసు పొయ్యి, నీళ్ల ట్యాంకు... ఇల్లే చక్రాలెక్కి కదిలిపోతుందన్నమాట! ఫోక్స్‌వ్యాగన్ వ్యాన్లను ఇలా మార్చుకుని ఊళ్లు తిరగడం జర్మనీలో 1950ల్లోనే మొదలైంది. మన పొరుగున కేరళ ప్రభుత్వం 2021లో క్యారవాన్ టూరిజానికి ఏకంగా ఒక విధానమే ప్రకటించింది. ఆ మాటకొస్తే తెలుగువాళ్లకీ ఇది కొత్తేం కాదు. 1982లో ఎన్టీఆర్ పాత షెవర్లే వ్యానును చైతన్యరథంగా మార్పించి, కొడుకు హరికృష్ణ నడుపుతుంటే రాష్ట్రమంతా తిరిగింది అలాగే కదా. బండే వేదిక, బండే బస!

అలా బండి కట్టుకుని బయల్దేరేవాళ్లు వెంట ఏయే పనిముట్లు ఉంచుకోవాలో రాయమన్నారు ఆఫీసులో. నాకు దగ్గరగా తెలిసిన క్యారవాన్ ఒక్కటే. కర్నూలు జిల్లాలోని మా కోసిగి నుంచి ఏటా గుంటూరు వైపు కదిలే సుగ్గి బండి.

సుగ్గి కన్నడ మాట. పంట కోతల కాలం అని అర్థం. కర్ణాటక సరిహద్దు కదా, మా మాటల్లో సగం అటువే. తుంగభద్ర పక్కనుంచే పోతున్నా చాలా చేలకు వానే దిక్కు. ఉన్న కాస్త పత్తీ తీసేశాక ఊళ్లో పని ఉండదు. ఇంటికి తాళం వేసి, ముసలివాళ్లను అరుగు మీద వదిలి, మిరప కోతలకు గుంటూరు, పల్నాడు, ప్రకాశం జిల్లాలకు వెళ్తారు. బేల్దారి పనులకు బెంగళూరు, హైదరాబాదు వెళ్లేవాళ్లూ తక్కువేం కాదు. మూడు నాలుగు నెలలు అక్కడే కాపురం. సామాను పైన మనుషులు, మనుషుల ఒళ్లో పిల్లలు. సరుకుల బండిలో మనుషుల్ని ఎక్కించడం చట్టం ఒప్పుకోదు. అందరికీ తెలుసు. అయినా ఎక్కుతారు. మూటలతో, మంచాలతో, మేకపిల్లతో సహా ఎక్కించుకునే బస్సు ఎక్కడుంది?

మా మేనమామకు బొలెరో పికప్ ఉంది. దాని సీటు కింద ఓ రేకుపెట్టె. పదేళ్లుగా చూస్తున్నా, ఎవర్నీ ముట్టనివ్వడు. ఈసారి నేనే అడిగి తెరిపించాను.

“బండి యాడ చెడిపోతాదో తెల్సా అల్లుడా? షాపు ఉండేకాడ మాత్రం చెడిపోదు” అంటూ ఒక్కొక్కటే తీసి గోనెసంచి మీద పరిచాడు. జాకీ, వీల్ స్పానరు, డబుల్ ఎండ్ స్పానర్లు, కటింగ్ ప్లేయరు, రెండు స్క్రూడ్రైవర్లు, సుత్తి. ఇవి ఎవరైనా చెప్పేవే. ఆ తర్వాత వచ్చినవే అసలు సంగతి. జానెడు మందాన ఓ తుమ్మ చెక్క. “జాకీ అందురికాడా ఉంటాది. దాని కింద పెట్టే చెక్క ఎవురికాడా ఉండదు” అన్నాడు. నల్లరేగడిలో జాకీ తిప్పితే బండి పైకి లేవదు, జాకీనే కిందికి దిగిపోతుంది. చెక్క పెడితే బరువు పరుచుకుంటుంది. ఇంకోటి, మూరెడు ఇనప పైపు. బిగుసుకుపోయిన బోల్టుకు స్పానరు తగిలించి, దాని కొసకు ఈ పైపు తొడిగితే బక్కమనిషి కూడా విప్పగలడు. పిడి పొడుగు పెరిగేకొద్దీ బలం తక్కువ చాలు. స్కూల్లో మనం చదువుకున్న తులాదండం పాఠమే!

తర్వాత ఫ్యూజులు, ఒక బల్బు, స్పేర్ ఫ్యాన్ బెల్టు, బైండింగు వైరు, ఇన్సులేషన్ టేపు. పాత ట్యూబును పీలికలుగా కోసి చుట్టపెట్టాడు. పైపు కారినా, సైలెన్సరు ఊగినా, మంచం కోడు విరిగినా అదే కట్టు. చివరికి ఓ బట్టల సబ్బు ముక్క కనిపించింది. చేతులు కడుక్కోవడానికేమో అనుకున్నా. కాదట. డీజిలు ట్యాంకుకు చిన్న చిల్లు పడితే సబ్బు మెత్తగా రుద్ది మూస్తే మెకానిక్కు దొరికేదాకా ఆగుతుందట.

అన్నింటికంటే పైన ఉన్నది మాత్రం ఎర్రగా మెరిసే త్రికోణం. అది రెండేళ్ల కిందట కొన్నది. ఆత్మకూరు దాటి దోర్నాల దారిలో, నల్లమల అడవిలో, చీకటి పడ్డాక వెనక టైరు పగిలింది. బండిలో పద్నాలుగు మంది. అందులో ఐదుగురు పిల్లలు. ఫోను సిగ్నలు లేదు. అలిసిపోయిన ఆడవాళ్లు బండి నీడలోనే కూర్చోబోతే, మామ కేకలేసి అందర్నీ రోడ్డు దిగి చెట్ల దగ్గరికి పంపాడు. టైరు విప్పుతుండగానే వెనకనుంచి లారీ... చివరి క్షణంలో చూసి పక్కకు తిప్పాడు. అద్దం మాత్రం పోయింది. ఆ మర్నాడే ఈ త్రికోణం కొన్నాడట. “టైరు మార్చేది ఎవురన్నా నేర్పుతారు. ముందు మనుషుల్ని దింపి దూరం పంపాల. త్రికోణం బండికి బాగా ఎనక పెట్టాల, కాళ్లకాడ కాదు” అన్నాడు.

ఇంతకీ ఆ పెట్టె బండికి మాత్రమే. కాపురానికి వేరే మూట ఉంటుంది. దాని సంగతి అడిగితే పక్కింటి అక్క నవ్వింది. “ఏముంటాది అప్పా? ఒక పట్ట, ఒక పార, రెండు చేతులు.” తీరా విప్పితే ఎన్నో! గుడిసె గుంజలకు గుంత తీసే గడారి, కొడవలి, పట్ట చిరిగితే కుట్టుకోవడానికి దబ్బనం, పురికొస. టార్చిలైటు. ఓఆర్ఎస్ పొట్లాలు. ఓ సీసాలో కొబ్బరినూనె. మిరపకాయలు కోసికోసి వేళ్లు మండుతుంటే నీళ్లు పోసుకుంటే ఏం లాభం లేదట, ముందు నూనె రాసి తర్వాత సబ్బుతో కడుక్కుంటారు. కారంలోని మంట నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది మరి. ఈ సూత్రం ఆమెకు ఏ సైన్సు పుస్తకమూ చెప్పలేదు.

మూట అడుగున ప్లాస్టిక్ కవరు. ఆధార్లు, రేషను కార్డు, చిన్నోడి టీకాల కార్డు. పెద్దపిల్ల తొమ్మిదో తరగతి. నిరుడు తల్లితోపాటే వెళ్లి మూడు నెలలు బడి పోగొట్టుకుంది. ఈసారి ఇక్కడి సీజనల్ హాస్టల్లో ఉంటానంది. వలస వెళ్లేవాళ్ల పిల్లల కోసమే పెట్టిన హాస్టళ్లు ఇవి. తల్లికి మనసొప్పలేదు. పిల్ల ఉంటే చిన్నోణ్ని చూసుకుంటుంది, ఓ కూలీ చేయి ఖాళీ అవుతుంది. ఆ లెక్క కాదనలేం. రెండు రోజులు ఇంట్లో ఎవరూ మాట్లాడుకోలేదట. ఆఖరికి తండ్రి సరేనన్నాడు.

బండి కదిలే ముందు ఆ పిల్ల మామ దగ్గరికి వచ్చి రేకుపెట్టె అడిగింది. నన్నే ముట్టనివ్వని మనిషి మాట్లాడకుండా ఇచ్చేశాడు. మూత లోపలివైపు స్కెచ్ పెన్నుతో గుండ్రటి అక్షరాలతో రాసింది. అంబులెన్సు 108, హైవే సాయం 1033. వాటి కింద హాస్టలు వార్డెను నంబరు, పక్కనే తన పేరు.