పడవ నడిచిన కాలువ

కాలువకు నీరే ప్రాణమని అందరమూ అనుకుంటాము. గోదావరి సీమలో పుట్టినవారికి అది చెప్పి తెలియజేయవలసిన మాట కాదు. అయితే కాలువకు రెండవ ప్రాణం కూడా ఒకటి ఉన్నదనీ, అది పడవ అనీ నాకు బోధపడినది గోదావరి గట్టున కాదు, లండను నగరంలో. 2019 మే నెల మొదటి వారంలో అక్కడ లిటిల్ వెనిస్ అనే చోట జరిగిన కాలువ పడవల తిరునాళ్ళలో ఒక పగలంతా గడిపాను. ఆ ముచ్చటే ఇది.

ముందుగా నా సంగతి రెండు ముక్కలు. చిక్కడపల్లిలో కాపురం పెట్టి ముప్ఫయ్యేళ్ళు దాటింది. మా పేటవారికి పారే నీరంటే హుస్సేన్‌సాగర్ నుండి అశోక్‌నగర్ మీదుగా మూసీకి పోయే నాలాయే. 2000 ఆగస్టులో వరద వచ్చినపుడు అది ఇళ్ళలోకి ఎక్కిన తీరు చూసినవాళ్ళం గనుక, నీరు పొంగకుండా పోతే చాలునని మొక్కుకోవడమే మాకు అలవాటు. దాని మీద పడవ నడవడమన్న ఊహ మా పిల్లలకు నవ్వు తెప్పిస్తుంది. మా అమ్మకు మాత్రం నవ్వు వచ్చేది కాదు. ఆమె పుట్టిల్లు నిడదవోలు పక్క పల్లె. చిన్నతనంలో ఏలూరుకు పెళ్ళిళ్ళకూ పేరంటాలకూ కాలువ మీద రాత్రి పడవలో వెళ్ళినది. ఆ కబుర్లు వింటూనే నేను పెరిగాను.

లండనులో అమ్మాయి ఇంటికి వెళ్ళినపుడు అల్లుడు, “మామయ్యగారూ, రేపు పడవలు చూద్దాం రండి” అన్నాడు. థేమ్సు నదికి కాబోలు ననుకున్నాను. తీసుకువెళ్ళినది ఊరి నడుమ ఒక కాలువల కూడలికి. 1801లో తెరచిన పాడింగ్టన్ కాలువ, 1820లో పూర్తయిన రీజెంట్స్ కాలువ అక్కడ కలుస్తాయి. మనకు మాఘమాసంలో ఉండే చలి. ఆ చలిలోనే నీటి మీద వరుసలు తీరి పడవలు. ఒక్కొక్కటి ఏడడుగులకు లోపు వెడల్పు, డెబ్బై అడుగుల దాకా పొడవు. ఒడ్డున నిలబడి చూస్తే నీటిలో తేలే రైలు పెట్టెల్లాగ ఉన్నాయి. ఆ సన్నదనానికి కారణం ఉన్నది. పద్దెనిమిదవ శతాబ్దంలో మధ్య ఇంగ్లండు కాలువలను త్రవ్వించిన జేమ్స్ బ్రిండ్లీ లాకులను ఏడడుగుల వెడల్పుతో కట్టించాడు. లాకు ఎంతో పడవ అంత.

పడవలన్నిటికీ రంగు కాగితాల తోరణాలు. తలుపుల మీద, నీళ్ళ డబ్బాల మీద గులాబీలూ కోటలూ చిత్రించి ఉన్నాయి. ఒకప్పుడు బొగ్గు మోసిన పాత పడవ ఒకటి ఉన్నది. దాని వెనుక భాగంలో పదడుగుల గది. అందులోనే పొయ్యి, మడిచి పెట్టే మంచం, అలమర. ఒక కుటుంబం సాంతం అందులోనే కాపురం చేసేదట. దాని యజమాని, డెబ్బై దాటిన పెద్దమనిషి, మమ్మల్ని లోపలికి రమ్మని పిలిచాడు. వృత్తి రీత్యా బడిపంతులు. పడవ కుళ్ళిపోతుంటే కొని, సెలవు రోజుల్లో చెక్క చెక్కా మార్చి నిలబెట్టుకున్నాడట. ఇంత శ్రమ దేనికని అడిగాను. “నడవకపోతే కాలువ మూసేస్తారు” అన్నాడు. అంతే.

ఆ మాట వెనుక పెద్ద కథే ఉన్నది. రైళ్ళు, తరువాత లారీలు వచ్చి అక్కడి కాలువలను దెబ్బ తీశాయి. 1948లో అవి చాలామట్టుకు ప్రభుత్వపరమయ్యాయి. పూడ్చివేస్తే పోలేదా అనుకున్నవారూ ఉన్నారు. 1946లో టామ్ రోల్ట్, రాబర్ట్ ఎయిక్‌మన్ తదితరులు కలిసి కాలువల రక్షణకు ఒక సంఘం పెట్టారు. 1950లో మార్కెట్ హార్బరో అనే ఊళ్ళో వందకు పైగా పడవలను ఒకచోట చేర్చి తిరునాళ్ళు జరిపారు. ఆ తిరునాళ్ళ పరమార్థం వినోదం ఒక్కటే కాదు. ‘ఈ నీటి మీద నడిచే హక్కు మాకున్నది, నడుస్తున్నాము’ అని చాటడం. 1962-63 చలికాలంలో కాలువలు నెలల తరబడి గడ్డకట్టి సరుకుల రవాణా దాదాపు ముగిసిపోయింది. అయినా సరదాకు తిరిగే పడవలు మిగిలాయి. వాటి కోసం లాకులు మిగిలాయి. సామాన్య జనం సెలవు రోజుల్లో బురదలో దిగి, పూడిపోయిన కాలువలను తవ్వి తెరిచారు. నేను చూసిన లిటిల్ వెనిస్ తిరునాళ్ళు 1983లో మొదలైనవి.

మధ్యాహ్నం పడవ ఎక్కి కామ్డెన్ దాకా వెళ్ళాము. దారిలో ఒక సొరంగం. దానిలో గట్టుదారి లేదు. గుర్రాలు పడవలను లాగే కాలంలో ఇక్కడ గుర్రాన్ని విప్పి పై దారిన పంపి, మనుషులు పడవ మీద వెల్లకిల పడుకొని సొరంగం గోడలను కాళ్ళతో తన్నుతూ పడవను నడిపేవారట. కామ్డెనులో లాకు పని చేయడం చూశాను. పడవ తొట్టిలోకి వస్తుంది. వెనుక తలుపులు మూస్తారు. తూము తెరిస్తే నీరు దిగుతుంది, నీటితోపాటు పడవా దిగుతుంది. రెండు వైపులా మట్టం సమానమైన దాకా తలుపు కదలదు. అయ్యాక ఒక పిల్లవాడు దుంగకు వీపు ఆనించి నెడితే తెరుచుకుంటుంది. మోటారు లేదు, కరెంటు లేదు.

అక్కడి నుండే అమ్మకు వీడియో ఫోను చేసి చూపించాను. అప్పటికి ఆమెకు ఎనభై నాలుగేళ్ళు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, “లాకులోకి పడవ రాగానే పిల్లల్ని లోపలికి పిలిచేవారురా, చేతులు బయట పెడితే గోడకు నలుగుతాయని. వాళ్ళు పిలుస్తున్నారా?” అని అడిగింది. సరిగ్గా అప్పుడే పడవ నడిపే యువతి, చేతులు లోపల పెట్టుకొమ్మని పిల్లలకు చెప్పింది. అయిదు వేల మైళ్ళ ఎడంలో, డెబ్బయ్యేళ్ళ తేడాతో, అదే హెచ్చరిక.

మన కాలువలు మాత్రం తక్కువవా? 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట కింద ఆర్థర్ కాటన్ తలపెట్టిన కాలువలు సాగుకూ పడవలకూ కూడా. రైళ్ళ కంటె పడవే చవక అని ఆయన జీవితాంతం వాదించాడు. విజ్జేశ్వరం నుండి వచ్చే గోదావరి కాలువ, బెజవాడ నుండి వచ్చే కృష్ణ కాలువ ఏలూరులో కలుస్తాయి. కృష్ణకు ఆవల కొమ్మమూరు కాలువ పట్టుకొని పెదగంజాం చేరితే అక్కడ బకింగ్‌హాం కాలువ. ధాత కరువులో అన్నం కోసం వచ్చిన కూలీల చేత దానిలో కొంత భాగం త్రవ్వించారు. 1878లో గవర్నరు పేరు పెట్టారు. కాకినాడలో ఎక్కిన సరుకు సముద్రం మొగం చూడకుండా చెన్నపట్టణంలో దిగేది. ఇప్పుడు అదే చెన్నపట్టణంలో ఆ కాలువ గర్భంలోనే రైలు స్తంభాలు నిలబడి ఉన్నాయి. 2008లో ఈ కాలువలను నదులతో కలిపి 1078 కిలోమీటర్ల నాల్గవ జాతీయ జలమార్గంగా చట్టం చేశారు; 2016లో దానిని 2890 కిలోమీటర్లకు పెంచారు. చట్టంలో జలమార్గం పెరుగుతున్నది. నీటిలో పడవ కనబడదు.

రెండింటినీ ఒకే త్రాసులో తూచడం న్యాయం కాదని నాకు తెలుసు. ఇంగ్లండు కాలువ పొలాలకు నీరివ్వడానికి పుట్టినది కాదు. మన కాలువలో మొదటి హక్కు వరిచేనుది. వేసవిలో కాలువ కట్టేస్తారు. పంటను ఎండబెట్టి పడవ నడపమని ఎవరూ అనరు. కానీ నీరు నిండుగా పారే నెలలు ఉన్నాయి గదా. ఆత్రేయపురం దగ్గర లొల్ల లాకులను చూడడానికి జనం ఇప్పటికీ వెళతారు, సినిమాలు తీస్తారు. లాకు అందమైన కట్టడమని అందరికీ తెలుసు. అది పడవను ఎలా దించుతుందో చూసినవారే కరువవుతున్నారు.

లండను నుండి తిరిగి వచ్చాక, ప్రతి సాయంత్రం అమ్మ దగ్గర ఒక నోటుబుక్కు పెట్టుకొని కూర్చున్నాను. నిడదవోలు నుండి ఏలూరుకు నీటివాలున పడవ దానంతట అది పోయేదనీ, తిరుగుదారిలో మనుషులు గట్టున నడుస్తూ తాడు పట్టి లాగేవారనీ, వారికి మా తాతగారు బెల్లం, అటుకులు కట్టించి ఇచ్చేవారనీ చెప్పింది. తాడేపల్లిగూడెం దాటే వేళకు నిద్ర వచ్చేదట. నలభై పేజీలు నిండాయి. 2022లో అమ్మ వెళ్ళిపోయింది.

ఆ నోటుబుక్కులో పడవ వేగం ఉన్నది, తాడు బరువు ఉన్నది, లాకు దగ్గర పిల్లలకు చెప్పే హెచ్చరిక ఉన్నది. కానీ అవి చదివి పడవ నడపడం ఎవరికీ రాదు. అది చేతుల్లో ఉండే విద్య, చేతుల నుండి చేతులకే పోతుంది. ఆ పెద్దమనిషి పొదుపు చేసుకున్నది పడవను కాదు, ఆ విద్యను. గోదావరి కాలువల మీద సరుకుల రవాణా మళ్ళీ రావాలని నేను కోరడం లేదు. ఒక్క లాకుకు తలుపులు బాగుచేసి, ఏడాదికి ఒక్కనాడు, నిండు కాలువలో ఒక్క పడవను దాటిస్తే చాలు. తాడు పట్టిన చేతులు గోదావరి గట్ల మీద ఇంకా కొన్ని మిగిలే ఉంటాయి. వారు చెబుతుండగా పదిమంది కుర్రవాళ్ళు ఆ దుంగకు వీపు ఆనించాలి.