ఏ నాటి మూలరూపం?

ఇంగ్లండులోని సస్సెక్స్ ప్రాంతంలో, ఆల్‌ఫ్రిస్టన్ గ్రామంలో 14వ శతాబ్దపు చర్చి గురువుల నివాసం ఒకటుంది. కలప చట్రం, గడ్డి కప్పు. మతసంస్కరణ తరువాత గురువులు వివాహం చేసుకోవచ్చునన్నారు. అటువంటి ఇళ్లలోకి కుటుంబాలు వచ్చాయి, అవసరాన్నిబట్టి గదులు మారాయి. శిథిలమై కూల్చివేతకు చేరువైన ఆ ఇంటిని 1896లో నేషనల్ ట్రస్టు 10 పౌండ్లకు కొన్నది. ఆ సంస్థ కొన్న తొలి కట్టడమదే.

1877లో విలియం మోరిస్ ప్రభృతులు స్థాపించిన ప్రాచీన కట్టడాల రక్షణ సంఘం సూత్రం ఒక్కటే: మరమ్మతు చేయండి, ఊహించుకున్న మూలరూపం కోసం తరువాతి కాలాలను చెరిపివేయకండి.

బర్మామైన్స్‌లో నడుస్తుంటే ఈ మాట నాకు పదేపదే గుర్తుకొస్తుంది. పేటకు పేరిచ్చింది పరాయి దేశపు గనుల సంస్థ. ఇక్కడి పాత ఇళ్లకు బిహారు, ఒడిశా, ఆంధ్ర తీరాల నుంచి వచ్చినవారు తలా ఒక వరండా, ఒక రేకుల గది చేర్చుకున్నారు. వీటిలో ఏది అసలు, ఏది ఆక్రమణ?

చరిత్రను మూలస్థితికి తీసుకుపోతామనే నాయకులను మనం రెండే అడగాలి: ఏ సంవత్సరపు మూలం? అందుకోసం ఎవరి గదిని కూలుస్తారు?