మంచు కమ్మేలోగా లోకం చివరికి

నువర ఎలియలో తెల్లవారుజామున అయిదింటికే వ్యాన్ ఎక్కాలి. హోర్టన్ ప్లెయిన్స్ జాతీయ పార్కు ముప్పయి కిలోమీటర్ల పైచిలుకు దూరమే. కానీ ఉదయం తొమ్మిది దాటితే 'వరల్డ్స్ ఎండ్' లోయ మంచులో మునిగిపోతుంది. అంత దూరం వెళ్లి తెల్లటి గోడను చూసి రావలసిందే.

డ్రైవర్ తేయాకు తోటలో పుట్టినవాడు. నలభై దాటి ఉంటాయి. నా అరకొర తమిళంతోనే దారంతా కబుర్లు. అంబేవెల పాడి క్షేత్రం, గాలిమరలు, శ్రీలంకలోకెల్లా ఎత్తయిన రైల్వేస్టేషన్ పట్టిపొల దాటాక రోడ్డు సన్నబడి అడవిలోకి దూరింది. మలుపులో ఓ కణుజు, హారన్‌కి కూడా కదల్లేదు. సందర్శకుల తిండికి అలవాటు పడిందట. గేటు దగ్గర సిబ్బంది సంచులు వెతికి, ప్లాస్టిక్ కాగితం ఊడదీసి బిస్కెట్లు మాత్రం చేతిలో పెట్టారు. మన దగ్గర ఇలా చేస్తే ఎన్ని సిఫార్సు ఫోన్లు మోగుతాయో!

రెండు వేల మీటర్లకు పైన గడ్డిమైదానం, దాని అంచుల్లో పాచి పట్టిన గిడస చెట్లు. నడక దారి తొమ్మిది కిలోమీటర్లు. ఒకప్పుడు ఇక్కడ ఏనుగులుండేవి. తెల్లదొరల వేటకు ఒక్కటీ మిగల్లేదు. అడవి మిగలడానికి కారణమూ తెల్లదొరే. అయిదు వేల అడుగుల పైనున్న అడవిని నరకొద్దని వృక్షశాస్త్రవేత్త జోసెఫ్ హుకర్ 1873లో సిలోన్ ప్రభుత్వానికి సలహా ఇచ్చాడు. 1988లో ఇది జాతీయ పార్కు అయింది, 2010లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది.

ఎనిమిదింటికి అంచు చేరాను. కాళ్ల ముందు దాదాపు 870 మీటర్ల లోతు. అడుగున తేయాకు తోటలు, అగ్గిపెట్టెల్లాంటి ఇళ్లు. పావుగంటలో మంచు అన్నిటినీ మింగేసింది.

తిరిగొచ్చేసరికి డ్రైవర్ వ్యాన్‌కి ఆనుకుని టీ తాగుతున్నాడు. "లైన్లు కనబడ్డాయా సార్?" అనడిగాడు. లైన్లంటే తోట కూలీల వరుస గదులు. ఎన్నేళ్లుగానో జనాన్ని ఇక్కడికి తెస్తున్నా తను అంచుదాకా నడిచింది ఒక్కసారే.

అడవికి హద్దు గీసిన ఈ దేశం, ఆ హద్దుకు దిగువన చెమటోడ్చేవాళ్లు ఎవరి పౌరులో తేల్చడానికి మాత్రం అర్ధశతాబ్దం తీసుకుంది. 1948 పౌరసత్వ చట్టం వారిలో అత్యధికుల్ని ఏ దేశానికీ చెందనివారిని చేసింది. 1964లో సిరిమావో, లాల్‌బహదూర్ శాస్త్రి కూర్చుని 5.25 లక్షల మంది ఇండియాకు, 3 లక్షల మంది సిలోన్‌కు అని పంచుకున్నారు. మిగిలిన లక్షన్నర మంది సంగతి తర్వాత చూద్దామన్నారు.

డ్రైవర్ తాత తమ్ముడు ఆ పంపకంలో నీలగిరికి వెళ్లాడు, అక్కడా తేయాకు పనికే. తాత వెళ్లలేదు. పౌరసత్వం లేకుండానే పోయాడు. 2003లో కొత్త చట్టం వచ్చాకే ఇంట్లో మిగతావాళ్లకు గుర్తింపు దొరికింది.

"నీలగిరి వాళ్లతో రాకపోకలున్నాయా?"

"ఉత్తరాలు ఆగిపోయి చాలా ఏళ్లయింది. అక్కడా ఇంత చలి ఉంటుందా సార్?"

ఉంటుందన్నాను. హెడ్‌లైట్లు వేసి, మంచులో మెల్లగా బండి కిందికి దించాడు.