ఉత్తరాన నడిచే సూర్యుడు

విమానం కిందికి దిగుతుంటే కిటికీలోంచి మొదట చెరకు తోటలు కనిపించాయి. మాది అనకాపల్లి. ముంబయి నుంచి ఆరేడు గంటలు సముద్రం మీదుగా ఎగిరి వచ్చాక మళ్ళీ మా ఊరి పొలిమేరే ఎదురైనట్టయి, పక్కనున్న మా ఆయన చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. జులై నెల. చెరకు పూత మీద ఉంది. తెల్లగా, కాస్త ఊదారంగు కలిసిన ఆ పూత గాలికి అంతా ఒకే వైపు వాలుతోంది. తోటల మధ్య అక్కడక్కడ నల్లరాళ్ళ గుట్టలు, ఎవరో కొలత పెట్టి పేర్చినట్టు. మా వైపు చెరకులో అలాంటివి ఎప్పుడూ చూడలేదు.

మారిషస్ అనగానే మనకి కొత్తగా పెళ్ళయిన జంటల ప్యాకేజీ గుర్తొస్తుంది. మాకూ అలాంటి కాగితమే ఇచ్చారు: 4 రాత్రులు, 14 చోట్లు. దాన్ని పక్కన పెట్టి, ఆగ్నేయ తీరాన విమానాశ్రయానికి దగ్గర్లో ఉన్న మాహెబూర్ అనే చిన్న ఊళ్ళో ఒక ఇంటి మేడమీది వాటా 9 రోజులకి తీసుకున్నాం. దీవి పొడవు సుమారు 65 కిలోమీటర్లు, వెడల్పు 45. పొద్దున్నే బస్సెక్కితే ఎక్కడికి వెళ్ళినా సాయంత్రానికి ఇల్లు చేరొచ్చు. సెలవుకి వెళ్ళే మనవాళ్ళకి ముందుగా వీసా అక్కర్లేదు, దిగాక ముద్ర వేస్తారు. గడియారం మాత్రం గంటన్నర వెనక్కి తిప్పుకోవాలి.

ఇంటావిడకి అరవై దాటి ఉంటాయి. వాళ్ళ పూర్వీకులు భోజ్‌పురీ మాట్లాడేవాళ్ళు. ఇప్పుడు ఇంట్లో మాట్లాడేది క్రియోల్, అంటే ఫ్రెంచి మాటలు ఈ నేలలో నలిగి కొత్తగా తయారైన భాష. మాతో మాత్రం సినిమాలు చూసి నేర్చుకున్న హిందీలో మాట్లాడింది. తనని 'తాంతీన్' అని పిలవమంది. మనం పిన్నిగారూ అన్నట్టు. సామాను దించీ దించగానే నేను మ్యాపు పరిచి, రేపు పొద్దున మొదటి బస్సు ఎన్నింటికి అని అడిగాను. ఆవిడ మ్యాపు నెమ్మదిగా మడిచి నా చేతిలో పెట్టి, "దుస్‌మాన్, దుస్‌మాన్" అంది. మెల్లిగా, మెల్లిగా అని. ఆ 9 రోజుల్లో ఆ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. బస్సు డ్రైవరు అంటాడు, చేపలమ్మి అంటుంది, నాలుగేళ్ళ పిల్లవాడు కూడా అంటాడు.

మర్నాడు దారి తప్పాం. దక్షిణాన ఉన్న బ్లూ బే సముద్రతీరానికి చెరకు తోటల మధ్య నుంచి నడిచిపోదామని బయల్దేరాం. ఎండ ఎటుంటే అది దక్షిణం అన్నది నాకు చిన్నప్పుడే ఒంటికి పట్టిన లెక్క. చలికాలం మిట్టమధ్యాహ్నం మా డాబా మీద వడియాలు ఎండబెట్టేటప్పుడు ఏ మూల నీడ పడుతుందో కళ్ళు మూసుకుని చెప్పగలను. అదే నమ్మకంతో సూర్యుణ్ణి ఎదురుగా పెట్టుకుని గంట నడిచాం. సముద్రం రాలేదు. చెరకు దాటితే మళ్ళీ చెరకు. అప్పుడు తట్టింది: మనం భూమధ్యరేఖ దాటి వచ్చాం. ఇక్కడ జులైలో మధ్యాహ్నపు సూర్యుడు ఉత్తరాన ఉంటాడు! తలెత్తి చూస్తూ అలాగే నిలబడిపోయాను. నా నీడ నాకు కొత్తవైపు పడి ఉంది. ఆ వారంలోనే ఓ రాత్రి నిండు చందమామని చూశాం. అందులోని కుందేలు మన ఊళ్ళో కనిపించే తీరున కాక వేరేగా ఒరిగి ఉంది! మీరు వెళ్తే ఒక రాత్రి తప్పకుండా వీధిలోకొచ్చి చూడండి. దేశం మారిందని పాస్‌పోర్టు మీద ముద్ర కంటే ఆ కుందేలే గట్టిగా చెబుతుంది.

తోట గట్టున మామిడిచెట్టు కింద ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. నా బొట్టూ చీరా చూసి, ఇండియాలో ఏ ఊరని ఇంగ్లీషులో అడిగాడు. అనకాపల్లి అంటే ఆయనకి తెలియలేదు. సింహాచలం దగ్గర అన్నాను. చటుక్కున లేచి నిలబడ్డాడు. రెండు చేతులూ జోడించి, "నమస్కారం. సింహాద్రి అప్పన్న!" అన్నాడు. తోటలో మేం ముగ్గురమే. నాకు నోట మాట రాలేదు. మా ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

ఆ తాతగారికి తెలుగులో నమస్కారం, బాగున్నారా, భోజనం లాంటి మాటలు వచ్చు. రామభజన పాటలు చాలా వచ్చు, కానీ కొన్నిటికి అర్థం తెలియదు. ఆయన ఇంటిపేరు నిజానికి ముత్తాత పేరు. ఓడ దిగినవాడు చెప్పిన పేరుని గుమాస్తా తన చెవికి తోచినట్టు రాసుకుంటే, అదే తరాల పాటు ఇంటిపేరైపోయింది. ఇక్కడ అలాంటి ఇళ్ళు ఎన్నో. మాహెబూర్‌లోనే 1973లో పుట్టి ఫ్రెంచిలో నవలలు రాసే నతాషా అప్పన్న ఇంటిపేరు చూడండి, మన విశాఖ, విజయనగరం ఊళ్ళలో పిలిస్తే పదిమంది పలుకుతారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి వచ్చారు కాబట్టి తెలుగువాళ్ళని ఒకప్పుడు ఇక్కడ 'కోరంగీలు' అనేవారట. 1839 తుపాను కోరంగిని ఊడ్చేసింది. ఇప్పుడు మనం అక్కడికి మడ అడవులు చూడ్డానికి వెళ్తాం.

రాళ్ళ గుట్టల సంగతి ఆయనే చెప్పాడు. ఇది అగ్నిపర్వతం పుట్టించిన దీవి, నేలంతా నల్లరాయి. చెరకు వేయాలంటే ముందు ఆ రాయి ఏరాలి. ఏరి మోసి పేర్చింది కూలికొచ్చిన మనవాళ్ళు. అప్పటి దాకా నేను తీసిన ఫొటోల్లో ఆ గుట్టల్ని పక్కకి తప్పించి తీశాను. తర్వాత వాటినే తీశాను.

ఇక తిండి. మాహెబూర్‌లో సోమవారం పెద్ద సంత. అక్కడ తినాల్సింది ధోల్ పూరి. శనగపప్పు లాంటి పప్పుని ఉడకబెట్టి పొడి చేసి, పల్చటి పిండి పొరలో పెట్టి పెనం మీద కాలుస్తారు. బెల్లం వేయని బొబ్బట్టు అనుకోండి. అందులో చిక్కుడు గింజల కూర, టమాటా కూర, కొత్తిమీర పచ్చడి, కాస్త మిరప ముద్ద వేసి కాగితంలో చుట్టి ఇస్తారు. ఒక్కటి ఇవ్వమంటే అమ్మేవాడు నవ్వాడు. జతగానే ఇస్తారు, 'ఎన్ పేర్' అని అడగాలి. బొబ్బట్టుకి కారం పెట్టడమేమిటని మొదటి ముద్దకి ముందు అనిపించింది. తర్వాత రోజూ తిన్నాను. గాతో పిమా అంటే పేరుకి మిరపకాయ కేకు. నోట్లో పెట్టుకుంటే మన పప్పువడే. కానీ దాన్ని వెన్న రాసిన ఫ్రెంచి రొట్టెలో పెట్టి పొద్దున్నే టిఫినుగా తింటారు. ఆకుకూరల దగ్గర ఒకావిడ 'బ్రెద్ మురుం' అని అరుస్తుంటే వెళ్ళి చూశాను. మునగాకు! మా పెరట్లో మునగాకు ఆషాఢంలో తప్ప ఎవరూ అడగరు. ఇక్కడ కట్టలు కట్టలు అమ్ముడైపోతోంది.

బ్లూ బేకి చివరికి బస్సులోనే వెళ్ళాం. విశాఖ సముద్రం చూసి పెరిగినవాళ్ళకి ఇది సముద్రమంటే నమ్మబుద్ధి కాదు. దూరంగా పగడపు దిబ్బ గోడలా నిలబడి అలల్ని అక్కడే విరిచేస్తుంది. ఒడ్డుకి వచ్చేది చెరువు నీళ్ళంత నిదానమైన నీరు. పైన లేతాకుపచ్చ, లోపలికి పోయేకొద్దీ నీలం. మోకాలి లోతులో నిలబడితే కాళ్ళ మధ్య నుంచి చారల చేపలు తిరుగుతాయి. నాకు ఈత రాదు. అయినా ఆ నీళ్ళలో గంటసేపు కూర్చున్నాను. ఆర్కే బీచ్‌లో కెరటం వెనక్కి లాగుతుందని అమ్మ భయపెట్టిన రోజుల నుంచి సముద్రంలో కూర్చోవడం నాకు ఇదే మొదటిసారి. ఒడ్డున నీడనిచ్చే చెట్లు మాత్రం అచ్చంగా మన సరుగుడు చెట్లే, అదే ఈల శబ్దంతో. ఇసక రాత్రి కూడా తెల్లగా ఉంటుంది. అది పగడం అరిగి అయిన ఇసక.

ఆదివారం ఆ సరుగుడు చెట్ల కిందకి ఊరంతా గిన్నెలతో సహా వచ్చేస్తుంది. బిర్యానీ డేగిసాలు, చాపలు, ముసలమ్మల కుర్చీలు, పసివాళ్ళ ఉయ్యాలలు. మధ్యాహ్నం దాటాక ఒక కుర్రాడు ఎండుటాకులు పోగుచేసి మంట పెట్టి, గుండ్రటి పెద్ద తోలు వాయిద్యాన్ని దానికి చూపించాడు. నేను మా ఆయనతో, "డప్పు కాస్తున్నాడు!" అన్నాను. మేకతోలు బిగిసేదాకా అటూ ఇటూ తిప్పి, వేళ్ళతో తట్టి చూసుకుని, మళ్ళీ కాచాడు. మా ఊరి జాతరలో చూసినదే. దాని పేరు రవాన్. దీవికి బానిసలుగా తెచ్చిన ఆఫ్రికావాళ్ళ బిడ్డలు నిలబెట్టుకున్న సెగా పాటకి ప్రాణం అదే. ఎండిన చెరకుపూల కాడలతో చేసిన చిన్న పెట్టెలో గింజలు పోసి ఊపుతూ మరొకరు తాళం కలిపారు. ఆడేవాళ్ళు పాదం నేల మీంచి ఎత్తరు. ఇసకని రాసుకుంటూ నడుముతో ఆడతారు. సెగాని యునెస్కో 2014లో తన జాబితాలో చేర్చింది. ఒకావిడ నన్ను చెయ్యి పట్టి లాగింది. చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని నేనూ ఆడాను.

ఒకరోజు దగ్గర్లోని ఇల్ ఓ జెగ్రెత్ దీవికి పడవలో వెళ్ళాం. 26 హెక్టార్ల చిన్న తిప్ప. డచ్చివాళ్ళు నరికేసిన నల్లచేవ అడవిలో మిగిలిన ముక్కని అక్కడ మళ్ళీ పెంచుతున్నారు. డోడో పక్షి లాగే ఇక్కడి పెద్ద తాబేళ్ళూ అంతరించాయి కాబట్టి, అల్దబ్రా జాతి తాబేళ్ళని తెచ్చి వదిలారు. అవి పళ్ళు తిని గింజలు చల్లుకుంటూ తిరుగుతాయి. 1990 ప్రాంతంలో పదికి అటూ ఇటుగా మిగిలిన గులాబీ పావురాలు ఇప్పుడు వందల్లో ఉన్నాయి. ఒకటి నా తలకి రెండడుగుల ఎత్తున కొమ్మ మీద వాలింది. తిరిగొచ్చాక తాంతీన్ 2020 సంగతి చెప్పింది. వకాషియో అనే ఓడ ఈ దగ్గరే పగడపు దిబ్బకెక్కి నూనె కారుతుంటే, ఊళ్ళవాళ్ళు రాత్రనక పగలనక చెరకాకు గుడ్డసంచుల్లో కుక్కి, కుట్టి, సముద్రంలో అడ్డంగా తేల్చారట. చెరకాకు ఒక సముద్రానికి కాపలా కాసిందని అనకాపల్లిలో చెబితే ఎవరైనా నమ్ముతారా? నేను మాత్రం అందరికీ చెబుతున్నాను.

రాజధాని పోర్ట్ లూయీకి ఒక్కరోజే వెళ్ళాం. సంతలో సబ్జా గింజల పాలు, అలూదా అంటారు, తాగి నేరుగా ఆప్రవాసీ ఘాట్‌కి నడిచాం. 1834 నుంచి 1910 దాకా సుమారు నాలుగున్నర లక్షల మంది కూలీలు ఈ దీవికి వచ్చారు. 1849లో ఈ చోట కట్టడం మొదలయ్యాక వాళ్ళు దిగింది ఇక్కడే. వెనక పెద్ద రోడ్డు మీద కార్లు హోరెత్తుతుంటాయి. ముందు 16 రాతిమెట్లు. అంతే. చెప్పులు విప్పి దిగాలనిపించింది. ఎక్కడుందో తెలియని ఊరికి, భాష రాని చోటికి, ఐదేళ్ళ ఒప్పందం మీద వేలిముద్ర వేసి, ఓడలో వారాల తరబడి ఊగి వచ్చినవాళ్ళు మొదట పాదం మోపిన రాళ్ళు అవి. నేను తొమ్మిదో మెట్టు దగ్గర కూర్చుండిపోయాను. మోకా అనే ఊళ్ళోని మహాత్మాగాంధీ సంస్థలో ఆనాటి దస్తావేజులు భద్రంగా ఉన్నాయి. వచ్చిన మనిషికి ఇచ్చిన నంబరు, దిగిన ఓడ పేరు, కొందరి ఫొటోలు కూడా. తాతగారు తన ముత్తాతది అక్కడే వెతికించుకున్నారట.

వెళ్ళేముందు రోజు తాతగారు వాళ్ళ గుడిలో పూజకి పిలిచారు. గర్భగుడిలో సింహాద్రి అప్పన్న పటం, పక్కన గోడ మీద తెలుగు అక్షరాలు. ఉగాదికి ఈ దేశమంతటా సెలవు. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగింది ఈ దీవిలోనే. పూజయ్యాక అరిటాకు వేసి 'సెత్ కారీ' వడ్డించారు, అంటే ఏడు కూరలు. గుమ్మడి, అరటి, పనస, ఆకుకూర... చివర రసం. దాన్ని వాళ్ళు 'రస్సోన్' అంటారు. నాకు వడ్డించిన కోడలిని "ఇంకొంచెం వేయమ్మా" అన్నాను. ఆ అమ్మాయికి తెలుగు రాదు. అయినా గరిటె నిండా వేసింది.

తాతగారి మనవరాలికి ఎనిమిదేళ్ళు. బడిలో తెలుగు నేర్చుకుంటోంది. నోటు పుస్తకంలో అ ఆలు రాసి నాకు చూపించింది. 'ఱ' దగ్గర ఆగి, దీన్ని ఎలా పలకాలని అడిగింది. చేతనైనంత చెప్పాను. బయల్దేరుతుంటే తాతగారు మా ఆయన్ని పక్కకి పిలిచి, పెద్ద అక్షరాల్లో బొమ్మలున్న తెలుగు పుస్తకాలు ఇక్కడ దొరకడం కష్టంగా ఉందన్నారు. ఇంటికొచ్చిన వారంలోనే ఒక పెద్దబాలశిక్ష, నాలుగు పిల్లల కథల పుస్తకాలు పోస్టు చేశాం.

మే నుంచి డిసెంబరు మధ్యలో వెళ్ళండి, తర్వాత తుపాన్ల తాకిడి ఎక్కువ. ఒకే ఊళ్ళో ఉండండి, సాయంత్రం బస్సులు త్వరగా ఆగిపోతాయి కాబట్టి చీకటి పడేలోగా తిరిగొచ్చేయండి. పెట్టెలో రెండు బట్టలు తగ్గించి ఒక పెద్దబాలశిక్ష పెట్టుకోండి. ఏ ఊళ్ళో దిగినా, తెలుగు గుడి ఎక్కడని అడిగితే దారి చూపిస్తారు. అక్కడ ఇచ్చి రండి.